సిమ్ లిమ్ స్క్వేర్‌లో మా మొదటి సిస్టమ్

సింగపూర్ వచ్చిన చుట్టాలకి చూపించే చోట్ల పట్టిక ఇక్కడి తెలుగిళ్లన్నింట్లో ఇంచుమించు ఒకటే. మెరీనా బే, సెంటోసా, మండాయి జంతువుల పార్కు, ముస్తఫా, పెరుమాళ్ గుడి. ఆ పట్టికలో సిమ్ లిమ్ స్క్వేర్ ఉండదు. నిజానికి కూరగాయలకి మనం వెళ్లే టెక్కా మార్కెట్ నుంచి అక్కడికి పది నిమిషాల నడక. రోచోర్ మెట్రో స్టేషన్‌లో దిగితే ఇంకా దగ్గర. రోచోర్ కెనాల్ రోడ్డు పక్కన ఆరంతస్తుల పాత భవనం అది. మధ్యలో ఖాళీ, చుట్టూ వరండాలు, ఎస్కలేటర్లు, వరండా పొడుగునా అగ్గిపెట్టెల్లాంటి దుకాణాలు. కొత్త మాల్స్‌లో ఉండే తళతళ ఇక్కడ లేదు. 2019లో భవనం మొత్తాన్ని ఒకేసారి అమ్మేద్దామని యజమానులు ప్రయత్నించారు కానీ కుదరలేదు. కుదిరి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం నాకు ఉండేది కాదు.

తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. గోంగూర, మునక్కాడల సంచీ పట్టుకుని ఆ భవనం పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. లోపల పని పడింది మాత్రం 2024 డిసెంబర్ సెలవుల్లో.

మా అమ్మాయికి పదమూడేళ్లు. ఏడాదిగా ఒకటే పాట, గేమింగ్ కంప్యూటర్ కావాలని. మైన్‌క్రాఫ్ట్‌ని మంచి రంగులతో, నీడలతో ఆడాలట. బ్లెండర్‌లో బొమ్మలు చెయ్యాలట. స్కూలు వాళ్ల పరికరం ఆ బరువు మొయ్యదు. "రెడీమేడ్‌ది ఒకటి కొనేద్దాం, తలనొప్పి ఉండదు" అన్నారు మావారు. విడిభాగాలు కొని మనమే బిగిద్దాం అన్నాను నేను. మా అమ్మాయి నా వైపు చూసి, "నీకు తెలీదులే అమ్మా" అంది. కోపంతో అనలేదు, మామూలుగానే అంది. అందుకే ఆ మాట నాలో ఎక్కువసేపు ఉండిపోయింది.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. ఇక్కడ ఒక ట్యూషన్ సెంటర్లో పాఠాలు కూడా చెప్పాను. 2021 మే నుంచి నియమం మారింది. డిపెండెంట్ పాస్ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చెయ్యాలంటే సొంత వర్క్ పాస్ ఉండాలి. దాంతో నా క్లాసులు ఆగిపోయాయి. అప్పటికి మా పిల్ల తొమ్మిదో ఏట ఉంది. దానికి గుర్తున్న అమ్మ వంటింట్లో ఉండే అమ్మే. ఇది మీలో చాలామంది ఇళ్లలో కథే, కొత్తగా చెప్పడానికేం లేదు.

ఇంటి ఖర్చుల్లో మిగిల్చి రెండేళ్లుగా పక్కన పెడుతున్న డబ్బు 1,600 డాలర్లు ఉంది. చిన్న గొలుసు చేయించుకుందామని దాచాను. దాన్ని దీనికి వాడదామనుకున్నాను, మూడు షరతుల మీద. కంప్యూటర్ హాల్లోనే ఉండాలి. మానిటర్‌తో కలిపి 1,600 దాటకూడదు. ఏ భాగం ఏం పని చేస్తుందో మా అమ్మాయి తన మాటల్లో చెప్పాకే అది కొంటాం. విండోస్ ఖర్చు మావారిది.

హైదరాబాద్ వైపు వాళ్లకి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ గుర్తుండే ఉంటుంది. చెనాయ్ ట్రేడ్ సెంటర్. మా తరంలో ఇంటికి కంప్యూటర్ వచ్చిందంటే చాలామందికి అక్కడ అసెంబుల్ చేయించిందే. దాన్ని కంప్యూటర్ అని కూడా అనేవాళ్లం కాదు, 'సిస్టమ్' అనేవాళ్లం. నాన్నా అన్నయ్యా వెళ్లి ఆటోలో పెట్టుకుని తెచ్చారు. నేను ఇంట్లో టేబుల్ తుడిచి, కవరు కుట్టి, కుంకుమ బొట్టు పెట్టాను. సిమ్ లిమ్ ఎస్కలేటర్ మొదటిసారి ఎక్కినప్పుడు నాకు సీటీసీయే గుర్తొచ్చింది. అదే అట్టపెట్టెల వాసన, గాజు బల్లల కింద అవే ఆకుపచ్చ బోర్డులు. ఈసారి మాత్రం నేనే వచ్చాను, ఒక్కదాన్నే, వారం మధ్యలో, దుకాణాలు తెరిచే వేళకి.

మొదటిసారి ఏమీ కొనకూడదని అనుకునే వెళ్లాను. ఈ చోటు గురించి మంచీ చెడూ రెండూ వినే ఉన్నాను. 2014లో ఇక్కడి ఒక మొబైల్ దుకాణంలో మోసపోయిన విదేశీ పర్యాటకుడు మోకాళ్ల మీద పడి డబ్బు వెనక్కి ఇమ్మని అడిగిన వీడియో ఊరంతా తిరిగింది. ఆ దుకాణదారుకి మరుసటి ఏడాది జైలుశిక్ష పడింది. అందుకే పాతకాపులు ఇప్పటికీ ఒక మాట చెబుతారు. కింద ఫోన్ల దగ్గర ఆగకు, విడిభాగాల కోసం పైకి ఎక్కు అని. పైన ఉండే పద్ధతి నాకు బాగా నచ్చింది. విడిభాగాల దుకాణాలు ధరల పట్టికను ఏ4 కాగితం మీద రెండు వైపులా చీమల్లాంటి అక్షరాలతో అచ్చువేసి కౌంటర్ దగ్గర పెడతాయి. ఎవరైనా తీసుకోవచ్చు. బేరం అక్కర్లేదు, మొహమాటం అక్కర్లేదు. నాలుగు దుకాణాల కాగితాలు తీసుకుని, మడిచి కూరల సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆ కాగితాలు పరిచి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. నేను మానిటర్‌తో మొదలుపెట్టమన్నాను. వంట మొదలుపెట్టేముందు ఎంతమందికో తెలియాలి కదా.

మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 20,73,600. దాని పైది 1440పీ తెర. అందులో 36,86,400. 4కే తెరలో 82,94,400, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగు రెట్లు. ఆడుతున్నంతసేపూ గ్రాఫిక్స్ కార్డు ఆ చుక్కలన్నింటికీ రంగు లెక్కగట్టాలి. అదీ సెకనుకి ఎన్నిసార్లు? తెర 144 హెర్ట్జ్‌ది అయితే 144 సార్లు. ఒక్కో బొమ్మకి దాదాపు ఏడు మిల్లీసెకన్లు. ఈ లెక్క మా అమ్మాయే వేసింది. వేశాక 4కే మాట మళ్లీ ఎత్తలేదు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్ మానిటర్ అని రాసుకుంది.

తెర తేలాక గ్రాఫిక్స్ కార్డు తేలికైంది. ఆ తెరకి సరిపోయేవాటిలో ఆ రోజు మా డబ్బుకి అందేవి రెండు, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060, ఏఎండీ ఆర్‌ఎక్స్ 7600. రెండింటికీ 8 జీబీ మెమరీ. మొదటిది 115 వాట్లు తింటుంది, రెండోది 165. బ్లెండర్‌కి ఎన్విడియా అనుకూలం కాబట్టి, తక్కువ వేడి కాబట్టి 4060 వైపు మొగ్గాం. మొత్తం డబ్బులో పెద్ద వాటా, పావు వంతు పైనే, దీనికే పోయింది. ఆటల కంప్యూటర్లో అలాగే ఉండాలి. పని ఎక్కడ ఉందో డబ్బు అక్కడ పెట్టాలి.

తర్వాత ప్రాసెసర్. ఇక్కడ జత కుదరడం ముఖ్యం. ప్రాసెసర్ కూర్చునే గూడుని సాకెట్ అంటారు. ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎమ్5 సాకెట్‌లో ఏఎమ్4 ప్రాసెసర్ కూర్చోదు. ఏఎమ్5 బోర్డుల్లో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. డీడీఆర్4 పెడదామన్నా గాడి వేరే చోట ఉంటుంది. పెళ్లి సంబంధంలో చూసేవన్నీ ఇక్కడా చూడాలి, ఒక్క నక్షత్రం తప్ప. మేం రైజెన్ 5 7600 అనుకున్నాం. ఆరు కోర్లు, 65 వాట్ల తరగతి, పెట్టెలోనే చల్లబరిచే ఫ్యాన్ కూడా వస్తుంది. పేరు చివర ఎక్స్ ఉన్న 7600ఎక్స్‌తో ఫ్యాన్ రాదు, వేడి కూడా ఎక్కువ. ఒక్క అక్షరానికి ఇంత తేడా. దానికి జతగా బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ కర్రలు రెండు.

ఒకటే పెద్ద కర్ర ఎందుకు కొనకూడదని మా అమ్మాయి అడిగింది. ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య రెండు దారులు ఉంటాయి. ఒకటే కర్ర పెడితే ఒక దారి ఖాళీగా ఉంటుంది. రెండు లైన్ల రోడ్డు వేసుకుని ఒక లైనే వాడినట్టు.

ఇక పవర్ సప్లై. మన ఊళ్లో దీన్ని ఎస్‌ఎంపీఎస్ అంటాం. దీని దగ్గరే చాలామంది చెయ్యి బిగబట్టి చౌకది కొంటారు. లేదా భయపడి అవసరానికి మించి కొంటారు. లెక్క వెయ్యడం కష్టమేం కాదు. ప్రాసెసర్ 65 వాట్లన్నా గట్టిగా పనిచేసేటప్పుడు 88 దాకా తీసుకుంటుంది. కార్డు 115. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఒక 60 వేసుకున్నా మొత్తం 263. గ్రాఫిక్స్ కార్డు క్షణకాలం ఎక్కువ లాగుతుంది కాబట్టి కొంత ఎడం ఉండాలి. సప్లై కూడా సగం బరువు మీద ఉన్నప్పుడే విద్యుత్తుని తక్కువ వృథా చేస్తుంది. కాబట్టి 550 వాట్లది చాలు. అందులో 80 ప్లస్ ముద్ర, పేరున్న తయారీ, కనీసం ఐదేళ్ల వారంటీ చూడాలి. "550ని 12 వోల్టులతో భాగిస్తే ఎంత?" అని అడిగాను. "45.8 ఆంపియర్లు" అంది ఫోన్‌లో చూసి. మన ఇస్త్రీపెట్టెలో పారేది ఐదారు ఆంపియర్లే అన్నాను. వైర్లు ఎందుకంత లావుగా ఉంటాయో అప్పుడు అర్థమైంది తనకి.

చివరిగా పెట్టె. మనం క్యాబినెట్ అంటాం, ఇక్కడ కేసింగ్ అంటారు. రంగురంగుల దీపాలు, ముందువైపు పూర్తిగా అద్దం ఉన్నది మా అమ్మాయి చూసుకుంది. సింగపూర్‌లో ఏసీ లేని గది 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏ ఫ్యానూ లోపలి భాగాన్ని గదికంటే చల్లగా చెయ్యలేదు. గదిలోని గాలి లోపలికి ఎంత ధారాళంగా వెళితే అంత మేలు. ముందు జల్లెడలాంటి మూత ఉన్నదే తీసుకోవాలి. ఇక్కడ కాస్త అలక నడిచింది. పక్కన అద్దం, ముందు జల్లెడ ఉన్న పెట్టె దొరికాక తీరింది.

శనివారం ముగ్గురం కలిసి వెళ్లాం. ఈశాన్య రుతుపవనాల వాన. గొడుగులు ముడిచి ఒక దుకాణంలోకి వెళ్లాం. పేరు ఇక్కడ అనవసరం. నేను పట్టిక చూపించి అడుగుతున్నాను, అతను మావారికి జవాబు చెబుతున్నాడు. 750 వాట్ల సప్లై, ఒకే ర్యామ్ కర్ర, దీపాల పెట్టె కలిపి ప్యాకేజీ అన్నాడు. ఒకే కర్ర ఎందుకని అడిగాను. "సేమ్ సేమ్" అన్నాడు, మళ్లీ మావారి వైపే చూస్తూ. మావారు చేతులు వెనక్కి కట్టుకుని, "నాకేం తెలీదండీ, ఆవిణ్ణే అడగండి" అన్నారు. అతను నవ్వాడు. నేను నవ్వలేదు. కాగితం మడిచి బయటికొచ్చేశాను. మా అమ్మాయి నా వెనకే వచ్చి, వరండాలో మెల్లగా అంది, "అమ్మా, అది సేమ్ కాదు కదా. రెండు దారులు కదా."

పై అంతస్తులో ఇంకో దుకాణం. అరవై దాటిన చైనీస్ పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీద. నా పట్టిక తీసుకుని వేలితో వరసగా చదివాడు. "ఏ గేమ్, ఆంటీ? ఏ స్క్రీన్?" అని అడిగాడు. ఇరవై ఏళ్లు పెద్దవాడు నన్ను ఆంటీ అంటే ఇక్కడ ఏమీ అనుకోకూడదు, అది మర్యాదే. చెప్పాను. "క్యాన్, క్యాన్" అన్నాడు. తర్వాత కార్డు పొడుగు ఎన్ని మిల్లీమీటర్లో, ఆ కేసింగ్‌లో ఎంత చోటుందో పక్కపక్కన రాసి చూపించాడు. అది నేను అప్పటికే చూసుకున్నాను. అయినా ఆయన చూసుకోవడం నాకు నచ్చింది. ప్రశ్న అడిగే దుకాణంలోనే కొనాలి.

డబ్బిచ్చేముందు మూడు విషయాలు అడగండి. ఒకటి, లోకల్ సెట్టా, ఎక్స్‌పోర్ట్ సెట్టా? లోకల్ అయితే ఇక్కడి పంపిణీదారు దగ్గరే వారంటీ దొరుకుతుంది. రెండు, కాగితం మీది ధర నెట్స్‌తో కడితేనా, క్రెడిట్ కార్డుకి కూడా అదేనా? 9 శాతం జీఎస్టీ కలిసిందా? మూడు, రసీదులో ప్రతి వస్తువు మోడల్ పేరు విడివిడిగా రాస్తారా? సింగపూర్‌లో 2012 నుంచి లెమన్ లా ఉంది. కొన్న ఆరు నెలల్లో లోపం బయటపడితే అది అమ్మేటప్పటికే ఉందని భావిస్తారు. కాదని నిరూపించాల్సింది దుకాణదారే. రసీదు సరిగ్గా ఉంటేనే అది మీకు పనికొస్తుంది. మాకు అన్నీ కలిపి 1,548 అయింది. ఆయన బిగించి ఇస్తానన్నాడు, విడిగా రుసుముంటుంది. వద్దు, మేమే బిగించుకుంటాం అన్నాను. ఈసారి నన్నే చూసి నవ్వాడు, "గుడ్" అన్నాడు.

పెట్టెలు మోసుకుంటూ వాటర్లూ వీధి మీదుగా నడిచాం. అక్కడ శ్రీకృష్ణుడి గుడి, క్వాన్ యిన్ అమ్మవారి చైనీస్ గుడి పక్కపక్కనే ఉంటాయి. చైనీస్ గుడికి వచ్చినవాళ్లు కృష్ణుడి గుడి ముందు కూడా అగరొత్తులు వెలిగించి దండం పెట్టుకుని వెళతారు. వాన వెలిసింది. మదర్‌బోర్డు పెట్టె చంకలో పెట్టుకుని మేమూ ఒక దండం పెట్టుకున్నాం.

ఆదివారం భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచాం. ఏఎమ్5 సాకెట్‌లో 1,718 సన్నని సూదులు ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. కాబట్టి వేలు తగలకూడదు. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణంతో కలిపి వదిలేస్తే తనే కూర్చుంటుంది, నొక్కక్కర్లేదు. ర్యామ్‌ని మాత్రం క్లిక్ వినబడేదాకా నొక్కాలి. నాలుగు గాడులుంటే ప్రాసెసర్ నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. మానిటర్ వైరు మదర్‌బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. ఈ పనులన్నీ మా అమ్మాయి చేసింది. నేను మాన్యువల్ చదివాను, మావారు టార్చి పట్టుకున్నారు.

స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. "పోయిందా?" అన్నారు మావారు. పిల్ల మొహం చిన్నబోయింది. డీడీఆర్5 ర్యామ్ మొదటిసారి మేల్కొన్నప్పుడు బోర్డు దాని వేగాలు, ఆలస్యాలు కొలుచుకుంటూ పోతుంది. కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అప్పుడు కరెంటు తీయకూడదు. ఆ సంగతి నాకు తెలుసు, అదే చెప్పాను. తెలిసినా ఆ నల్లటి తెర ముందు నా గొలుసు డబ్బు మొత్తం కళ్ల ముందు తిరిగింది. మూడో నిమిషం దాటాక తెల్లటి అక్షరాలు వచ్చాయి. పిల్ల అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు.

ఆ రాత్రి ఇంకో రెండు పనులు మిగిలాయి, మీరూ గుర్తుపెట్టుకోండి. 6000 వేగం అని కొన్న ర్యామ్ బయోస్‌లో ఎక్స్‌పో అనేది ఆన్ చేసేదాకా తక్కువ వేగంతోనే నడుస్తుంది. 144 హెర్ట్జ్ తెర కూడా విండోస్ సెట్టింగ్స్‌లో మార్చేదాకా 60 దగ్గరే ఉండిపోవచ్చు. డబ్బు పెట్టి కొన్నాక వాడుకోకపోతే ఎలా?

మీరు ఉండే ఊళ్లోనూ ఇలాంటి చోటు ఉంటుంది. కౌలాలంపూర్‌లో బుకిట్ బింతాంగ్ దగ్గర లో యాట్ ప్లాజా, బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు, అమెరికాలో కొన్ని నగరాల్లో మైక్రో సెంటర్. మోడళ్లు ఏటా మారతాయి, ధరలు వారవారం మారతాయి. నేను చెప్పిన పేర్లు మీరు వెళ్లేసరికి పాతబడి ఉంటాయి. తెర నుంచి వెనక్కి లెక్కగట్టడం, జత చూసుకోవడం, వాట్లు కూడుకోవడం పాతబడవు. మన ఇంటర్ ఫిజిక్స్ దానికి ధారాళంగా సరిపోతుంది. మీ పట్టిక మీరే రాసుకుని వెళ్లండి. మొదటిసారి ఒక్కరే వెళ్లండి.

మా అమ్మాయి ఇప్పుడు బ్లెండర్‌లో మా భీమిలి తాతగారిల్లు కడుతోంది. అరుగు మీద ఎండ ఏ వైపు నుంచి పడాలో, నీడ ఎంత పొడుగుండాలో తేలక మొన్న వంటింట్లోకి వచ్చి అడిగింది. పప్పు పోపు పెట్టాక చెబుతానన్నాను. స్టూలు లాక్కుని అక్కడే కూర్చుంది.